కదిలే ఇంట్లో చాకిరేవు

ఏ ఊరు వెళ్ళినా మావారు మొదట వాకబు చేసేది మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని. నేను వాకబు చేసేది తడిబట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ప్రశ్నా మారలేదు, నా ప్రశ్నా మారలేదు. అందుకే కిందటి వేసవిలో డెన్వర్‌లో ఉన్న మా అబ్బాయి, "అమ్మా, ఈసారి హోటళ్ళూ గీటళ్ళూ వద్దు. మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్దాం. ఇల్లే మనతో వస్తుంది" అనగానే మావారు ఉబ్బితబ్బిబ్బయిపోయారు. నా నోట్లోంచి మాత్రం "దండెం ఉంటుందట్రా?" అన్న మాటే వచ్చింది.

కోడలు పకపకా నవ్వింది. మూడోరోజు పొద్దున్న ఆ పిల్లే నా పక్కన చేరి, "అత్తయ్యా, వీడి లాగులన్నీ అయిపోయాయి. ఏం చేద్దాం?" అంది మెల్లిగా.

మోటార్‌హోమ్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన ఆర్టీసీ బస్సుకి తమ్ముడిలా ఉంటుంది. లోపల గాస్ పొయ్యి, ఫ్రిజ్, మడత మంచాలు, బీరువా అంత స్నానాలగది. మాకిచ్చిన బండిలో మంచినీళ్ళ టాంకు 40 గాలన్లు, అంటే ఇంచుమించు 150 లీటర్లు. వాడిన నీళ్ళు అడుగున మరో టాంకులోకి పోతాయి. ఆ మురికినీళ్ళు దారిలో ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. అందుకని ఏర్పాటు చేసిన చోటికి వెళ్ళి గొట్టం తగిలించి ఖాళీ చెయ్యాలి. మేం అయిదుగురం. వంట, అంట్లు, స్నానాలు పోను బట్టలకి మిగిలేదెంత? ఉతకడానికి ఒక బకెట్టయితే జాడించడానికి మూడు బకెట్లని మీకు నేను చెప్పాలా! పెద్ద పెద్ద బళ్ళలో బట్టలుతికే మిషను కూడా ఉంటుందిట. మా అద్దెబండికి అంత భాగ్యం లేదు.

"ఓస్, ఇంతేనా! దీనికి నోబెల్ బహుమతి పుచ్చుకున్నాయన ఎప్పుడో ఉపాయం చెప్పాడు" అన్నారు మావారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

ఆ పెద్దమనిషి జాన్ స్టెయిన్‌బెక్. 1960 సెప్టెంబరులో, తన 58వ ఏట, ఒక చిన్న లారీ మీద గది కట్టించుకుని, చార్లీ అనే కుక్కని వెంటబెట్టుకుని అమెరికా అంతా చుట్టిరావడానికి బయల్దేరాడు. బండికి రోసినాంటే అని పేరు పెట్టుకున్నాడు. డాన్ క్విక్సోట్ ఎక్కిన బక్కగుర్రం పేరది. 1962లో ఆ ప్రయాణం 'ట్రావెల్స్ విత్ చార్లీ' అనే పుస్తకమై వచ్చింది. అదే ఏడాది ఆయనకి నోబెల్ బహుమతీ వచ్చింది. అందులో బట్టల సంగతి రాశాడు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో వేణ్ణీళ్ళూ సబ్బుపొడీ వేసి, చొక్కాలూ మేజోళ్ళూ పడేసి, బకెట్టుని రబ్బరు తాడుతో బీరువాలో వేలాడదీశాడు. బండి కుదుపులకి అది రోజంతా గంతులేసింది. సాయంత్రం వాగులో జాడించి, కిటికీ దగ్గర నైలాన్ తాడు మీద ఆరేశాడు. ఇవాళ ఉతుకు, రేపు ఆరుదల. దుప్పట్లూ తలగడ గలీబులూ కూడా అలాగే ఉతికేశాడట!

నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. దారిలో బజారులో దిగి మూత బకెట్టు, రబ్బరు తాడు కొన్నాం. వైయోమింగ్ రాష్ట్రంలోకి దాటి సాయంత్రం బండి ఆపేసరికి, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బట్టలు శుభ్రంగా మురికి వదిలాయి. దాంతోపాటు కోడలి ఎర్రచున్నీ రంగు కూడా వదిలింది. మావారి బనీన్లన్నీ గులాబీరంగు! సరే, అది నా పొరపాటే, చూసి వెయ్యవలసింది. అసలు చిక్కు జాడించడం దగ్గర వచ్చింది. మేం దిగిన చోట కొళాయి లేదు. స్టెయిన్‌బెక్‌గారిలా వాగులో జాడిద్దామంటే, సబ్బునీళ్ళు వాగులో కలపకూడదని అబ్బాయి అడ్డుపడ్డాడు. వాడన్నదీ సబబే. టాంకు నీళ్ళు తిప్పాం. నాలుగో బకెట్టుకి టాంకు గుటక వేసినట్టు చప్పుడు చేసి ఊరుకుంది. ఆ రాత్రి ఎవరికీ స్నానాల్లేవు. తాగడానికి సీసాల్లో నీళ్ళుండబట్టి సరిపోయింది.

మర్నాడు ఇండిపెండెన్స్ రాక్ దగ్గర ఆగాం. మైదానంలో ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద రాతిగుట్ట, పక్కనే స్వీట్‌వాటర్ అనే ఏరు. 1840ల నుంచీ ఆరిగాన్‌కీ కాలిఫోర్నియాకీ వలసపోయిన కుటుంబాలు గూడుబళ్ళతో ఇటుగానే సాగాయి. ఆరిగాన్‌కి దారి 2,000 మైళ్ళు. నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు. బండి పెట్టె వెడల్పు నాలుగడుగులు, పొడవు పదడుగులు. అందులోనే పిండి, పప్పు, పరుపులు, పనిముట్లు. మోటార్‌హోమ్‌కి ముత్తవ్వ అదేనని నాకనిపించింది. జులై 4 నాటికి ఈ రాయి చేరితే సరైన వేళకి వచ్చినట్టు లెక్క. ఆలస్యమైతే ముందున్న కొండల్లో మంచు పడుతుంది. 1846లో కాలిఫోర్నియా వెళ్తూ డోనర్ బృందం అలా మంచులో చిక్కుకుపోతే 30 మందికి పైగా చనిపోయారు.

మరి అంత తొందరలో బట్టల కోసం బళ్ళు ఎవరాపుతారు? 1982లో లిలియన్ ష్లిస్సెల్ అనే చరిత్రకారిణి ఆ దారిన వెళ్ళిన ఆడవాళ్ళ దినచర్యలు ఏర్చికూర్చి పుస్తకం వేశారు. దారిపక్క సమాధులు లెక్కపెట్టి రాసుకున్నారు ఆ తల్లులు. బట్టలుతికిన రోజునీ రాసుకున్నారు. నీళ్ళూ గడ్డీ ఉన్నచోట బళ్ళు నిలిస్తేనే ఉతుకు. లేకపోతే వారాల తరబడి ఆ దుమ్ముబట్టలే. కొన్ని బృందాలు ఆదివారం ప్రయాణం మానేసేవి, విశ్రాంతి రోజని. ఎద్దులు విశ్రమించేవి. ఆడవాళ్ళు మాత్రం ఆ పూట బట్టలుతికి, వారానికి సరిపడా రొట్టెలు కాల్చుకునేవారు!

ఆ చుట్టుపక్కల నేలంతా చౌడు. నీళ్ళలోనూ అదే. చౌడునీళ్ళూ, ఇంట్లో కాచిన కారపు సబ్బూ కలిసి ఎండలో ఆ చేతులు పగిలిపోయేవి. చిత్రమేమిటంటే ఈ రాయి దగ్గరి కుంటల గట్టున తెల్లగా పేరుకున్న ఆ ఉప్పునే గోకి తెచ్చి రొట్టెల్లో వంటసోడాకి బదులు వేసేవారు.

చౌడు అనగానే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. రేవు దగ్గర బట్టల్ని చౌడునీళ్ళలో తడిపి, బానలో ఉడకబెట్టి, బండ మీద బాదేవారు. చాకలిపద్దు నాచేత రాయించేది అమ్మమ్మ: ధోవతులు ఆరు, చీరలు నాలుగు, తువ్వాళ్ళు ఎనిమిది. తెచ్చిన మూట విప్పి, లెక్క సరిచూసుకునేదాన్ని. ఒక్క తువ్వాలు తగ్గితే నిలదీసేదాన్ని కూడా. ఆ మూట దించిన చేతులు ఎలా ఉండేవో ఒక్కనాడూ చూడలేదు. వైయోమింగ్‌లో ఒక రాయి ముందు నించుని గుర్తుచేసుకోబోతే మొహం గుర్తొచ్చింది గానీ చేతులు గుర్తురాలేదు.

ఆ గూడుబళ్ళలో మరో సంగతుంది. పాడి ఉన్నవాళ్ళు పొద్దుటి పాలు కుండలో పోసి బండికి తగిలించేవారు. సాయంత్రానికి కుదుపులకి వెన్న ముద్దకట్టేది. "చూశారా, మీ స్టెయిన్‌బెక్‌గారి బకెట్టు ఎక్కణ్ణించొచ్చిందో!" అన్నాను మావారితో. ఆయన ఆ పాలకుండని తలుచుకున్నాడో లేదో గానీ, పని మాత్రం అదే. తేడా ఏమిటంటే పాలకుండ గురించి ఆడవాళ్ళు ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. మగవాడు చొక్కా ఉతికితే ప్రపంచమంతా చదివింది.

ఆయన్ని తప్పుబట్టడానికి నాకు మనసొప్పదు లెండి. 1939లో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' రాసిన చెయ్యే కదా అది. కరువుకీ దుమ్ముతుఫాన్లకీ ఓక్లహోమాలో బతకలేక, పాత కారుని కోసి లారీలా చేసుకుని, పరుపులేసుకుని కాలిఫోర్నియా బయల్దేరిన జోడ్ కుటుంబం కథ. అదీ కదిలే ఇల్లే, సరదా లేని కదిలే ఇల్లు. నానా ఛీత్కారాలూ పడి చివరికి సర్కారువారు నడిపే వీడ్‌పాచ్ శిబిరం చేరతారు. అక్కడ స్నానాలకి జల్లులు, వేణ్ణీళ్ళు, బట్టలుతుక్కునే తొట్లు, ఆడవాళ్ళకో కమిటీ. ఇంటి అమ్మకి మళ్ళీ మనిషినయ్యానని అనిపిస్తుంది. అలాంటి శిబిరం కాలిఫోర్నియాలో ఆర్విన్ దగ్గర నిజంగానే ఉండేది. దాన్ని నడిపిన టామ్ కాలిన్స్ పేరు ఆ నవల అంకితంలో కనిపిస్తుంది. కుళాయి కింద ఒక తొట్టి ఉంటే ఆడదానికి ఎంత గౌరవమో తెలిసి రాశాడాయన. ఇరవై ఏళ్ళ తరవాత అదే ఉతుకు ఆయనకి తమాషా అయింది. సొమ్ముండి తిరగడానికీ, లేక తిరగడానికీ అదే కాబోలు తేడా.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పత్రికా రచయిత ఆయన తిరిగిన దారంతా తిరిగి లెక్కలు తీశాడు. పుస్తకంలో రాసినట్టు ఒంటరిగా బండిలో పడుకున్న రాత్రులు చాలా తక్కువట. హోటళ్ళలో దిగిన రాత్రులు, భార్య ఎలెయిన్‌తో గడిపిన రోజులే ఎక్కువట. మావారు ఈ సంగతి విని చిన్నబుచ్చుకున్నారు. నాకైతే ఒకటే సందేహం: హోటల్లో దిగిన రోజుల్లో ఆ చొక్కాలు ఎవరుతికినట్టు?

ఎడిసన్, ఫోర్డ్, ఫైర్‌స్టోన్ మహాశయులు కూడా 1915కీ 1924కీ మధ్య కార్లేసుకుని అడవుల్లో మకాం పెట్టేవారు. ఆ ఫొటోలు చూడండి: కోటు, టై, బిళ్ళబీటుగా కాలరు! వెంట వంటవాళ్ళూ పనివాళ్ళూ ఉండేవారు. అవిడియా అందరికీ బాగానే ఉంటుంది, వెనక ఇస్త్రీపెట్టె పట్టేవాళ్ళుంటే.

మాలాంటివాళ్ళకి దిక్కు లాండ్రీ గదులే. 1934లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒకాయన నాలుగు కరెంటు మిషన్లు పెట్టి గంటకింతని అద్దెకిచ్చాడు. వాషటీరియా అని పేరు. ఆ వాషటీరియా మనవరాలే ఆ సాయంత్రం లాండర్ దగ్గర బళ్ళు నిలిపే మకాంలో కనిపించింది: వరసగా మిషన్లు, గోడకి చిల్లర మార్చే పెట్టె. 25 సెంట్ల నాణేలు గుప్పెడు పోస్తే గంటన్నరలో ఉతికీ ఆరీ కూడా అయిపోయాయి. నా పక్కన ఒక ముసలాయన ఒక్కడే దుప్పటి మడతపెట్టడానికి అవస్థ పడుతున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా వచ్చి కొసలు కలిపాం. నా ఇంగ్లీషుతో ఆయనకి పని పడలేదు. దుప్పటి మడతకి భాష ఏముంది!

ఇంతలో గులాబీ బనీను మీద చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే మావారు వచ్చి, చిల్లర అయిపోయిందేమోనని మరో గుప్పెడు నాణేలు అందించి, బట్టల బుట్ట ఆయనే ఎత్తుకున్నారు.

నా నేతచీర మాత్రం మిషనుకి ఇవ్వలేదు. చేత్తో ఉతుక్కుని, స్టెయిన్‌బెక్‌గారిలాగే కిటికీ పక్కన నైలాన్ తాడు కట్టి ఆరేశాను. తెల్లారేసరికి ఆరలేదు. ఎల్లోస్టోన్ దాకా కిటికీ దగ్గర కూర్చున్న మావారికి కొండలెన్ని కనిపించాయో తెలీదు గానీ, నా చీరచెంగు మాత్రం దారిపొడుగునా కనిపించింది.