ఒలందావారి మాటలు, తెలుగున కందనివి

మచిలీబందరులో వలందపాలెమను పేట కలదు. పరాసుపేట ఫ్రెంచివారిని జ్ఞప్తికి దెచ్చునట్లే ఈ పేరు ఒలందావారిని, అనగా డచ్చివారిని, జ్ఞప్తికి దెచ్చును. వారు 1605లో బందరునకు వచ్చిరి. 1610లో ప్రళయకావేరి యొడ్డున పులికాటులో నిలిచి, 1613 నాటికి గెల్డ్రియా కోటను కట్టుకొనిరి. 1824 నాటి లండను సంధి ననుసరించి మరుసటి సంవత్సరము మిగిలిన స్థావరములను ఇంగ్లీషువారి కప్పగించి వెడలిపోయిరి. రెండువందల యేండ్లకు మించి మన తీరమున వర్తకము చేసినను, మన భాషలో వారు విడిచిన మాటలు బహుస్వల్పము. కక్కసు అను మాట వారిదేయని చెప్పుదురు. ఇంతకన్న మర్యాదయైన జ్ఞాపకము దక్కకపోవుట వారి దురదృష్టము.

మన మాటలను మాత్రము వారు కొనిపోయిరి. 17వ శతాబ్దిలో పులికాటున పాదిరీగా నుండిన అబ్రహాము రోజెరియసు, పద్మనాభుడను బ్రాహ్మణుని సాయమున భర్తృహరి నీతి వైరాగ్య శతకములను డచ్చిలోనికి దెచ్చెను. పద్మనాభుడు పోర్చుగీసున చెప్పగా ఆయన డచ్చిలో వ్రాసికొనెను. ఆయన మరణానంతరము 1651లో ఆ గ్రంథము వెలువడెను. అందు శృంగార శతకము లేదు. రెండు భాషలు దాటివచ్చిన శ్లోకమున నెంత మిగిలెనో యూహించుకొనవచ్చును.

ఆ పనినే తిరుగవేసి, వారి యింటి మాటలను తెలుగు చేయబోయిన వానికి మొదటనే అడ్డుపడునది 'ఖెజెల్లిఖ్'. 'ఖెజెల్' అనగా తోడివాడు. పూర్వమొకే గదిలో వసించువాడని యర్థము. మన 'సందడి'లో చప్పుడెక్కువ. 'కలుపుగోలు' మనిషికే గాని యింటికి చెల్లదు. చుట్టములు దిగిన నాడు మన యాడువారు "ఇల్లు నిండుగా నున్నది" అందురే, అది దగ్గర. కాని డచ్చివాడు దీపము వెలిగించిన చిన్న గదిని, ఇద్దరే కూర్చుండి గడపిన సాయంకాలమును గూడ ఈ మాటతోనే మెచ్చుకొనును. పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మన యిండ్ల పెద్దలకు ఈ చిక్కు క్రొత్త గాదు. 'నిండుగా' అనుటలోని భావమును మనుమనికి వాని బడిభాషలో చెప్పబోయి ఎందరు ఆగిపోలేదు! అప్పుడు నలుగురిని భోజనమునకు పిలిచి చూపించుటయే మార్గము.

'ఔట్‌వాయెన్' అని మరియొకటి. మనసు తేటపడుటకై సముద్రపుటొడ్డున ఎదురుగాలిలో నడచుట. మనము చల్లగాలికి పోదుము. వారు ఈడ్చికొట్టు చలిగాలికి పోదురు.

అన్నిటికన్న చరిత్ర నిండిన మాట 'పోల్డరు'. ఆ దేశమున సుమారు నాలుగవ వంతు సముద్రమట్టమునకు దిగువనున్నది. చుట్టును గట్టు వేసి, లోపలి నీటిని తోడి సాధించిన నేలయే పోల్డరు. బేమ్‌స్టర్ అను పెద్ద చెరువును గాలిమరలతో తోడి 1612లో పొలము చేసిరి. దీనిని లంక యనరాదు. లంకను నది యిచ్చును. పోల్డరును మనుష్యుడు నీటినుండి తీసికొనును, తీసికొన్న పిదప తోడుట మానిన మరల మునుగును. గట్లను, కాలువలను చూచుటకు 13వ శతాబ్దినుండియు నీటి సభలు కలవు. నేటికిని 21 సభలు ఎన్నికలతో నడచుచున్నవి. అందరును సరేయను వరకు కూర్చుండి మాటలాడుటకు 'పోల్డరెన్' అను క్రియ పుట్టినది. ఈ వాడుక ఇటీవలిది, 1990 తరువాత వ్యాపించినది. మన రచ్చబండ దీనిని కొంత పోలును గాని, అచ్చట తీర్పు చెప్పు పెద్ద యొకడుండును.

ఇక 'స్టోర్మ్‌వ్లూట్' అనుదానికి తెలుగు వెదుక నక్కరలేదు. ఉప్పెన! 1953 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల నడిమి రాత్రి వచ్చిన యుప్పెనలో ఆ దేశమున 1,836 మంది మరణించిరి. బందరు 1864 నవంబరులోను, దివిసీమ 1977 నవంబరులోను మునిగినవి. మనవారు వేలకొలదిగ పోయిరి. 1953 తరువాత వారు నదీముఖములను మూయ నారంభించి, రాటర్‌డాము కడ 1997లో బ్రహ్మాండమైన ఇనుపద్వారములను నిలిపిరి. అట్టి కట్టడమును 'స్టోర్మ్‌వ్లూట్‌కేరింగ్' అందురు, అనగా ఉప్పెనను వెనుకకు త్రిప్పునది. ఆ మాట మనకింకను పుట్టలేదు.