పాత కంప్యూటర్, కొత్త విండోస్: మధ్యలో చిక్కుకున్న తెలుగు అక్షరం

ఈ ఎపిసోడ్ ఒక పాత సమస్య గురించి. ఆ సమస్యే ఇప్పుడు మళ్లీ మన ఇళ్లలోకి వచ్చింది.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. అలాంటిది మళ్లీ జరగకూడదని మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. దాదాపు వందేళ్లు. ఇప్పటికీ వానలు గట్టిగా పడితే గేట్లు ఎత్తారని వార్త వస్తుంది. అంటే ఏ పని కోసం కట్టారో ఆ పని ఇంకా చేస్తోంది.

ఆ చెరువు పక్కనే శంషాబాద్‌లో ఒక ఇంట్లో 2016లో కొన్న కంప్యూటర్ ఉందనుకోండి. స్క్రీన్ బాగుంది, కీబోర్డ్ బాగుంది. కానీ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. సరే, విండోస్ 11 వేద్దామంటే కుదరదంటుంది. ఎందుకంటే దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అవి వచ్చింది 2017లో. వందేళ్ల చెరువు పని చేస్తోంది, పదేళ్ల కంప్యూటర్ పాతదైపోయింది.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే. పాత డబ్బా అమ్మేసి కొత్తది కొంటారు. అమ్మండి, తప్పేం లేదు. కానీ దానికంటే ముందు ఈ కథ వినండి. తెలుగువాళ్లకి ఇలాంటి అప్‌గ్రేడ్ కష్టం ఇంతకుముందే వచ్చింది. అప్పుడు మనం ఎక్కువగా పోగొట్టుకున్నది మెషీన్లని కాదు, వాటిలో దాచుకున్న రాతని.

1990లలోకి వెళ్దాం. పెళ్లి కార్డు, కరపత్రం, స్కూల్ మ్యాగజైన్, కవితల పుస్తకం, ఏది అచ్చు వేయాలన్నా డీటీపీ సెంటర్‌కే వెళ్లేవాళ్లు. అక్కడ పేజ్‌మేకర్, దాంట్లో అను లాంటి తెలుగు ఫాంట్లు. యాపిల్, మాడ్యులర్ అని రకరకాల కీబోర్డ్ లేఅవుట్లు. ఆపరేటర్ అన్న వేళ్లు ఎంత స్పీడుగా కదిలేవో అప్పటివాళ్లని అడగండి.

అయితే అప్పటి విండోస్‌కి అసలు తెలుగు రాదు. మరి స్క్రీన్ మీద తెలుగు ఎలా కనిపించేది? ఒక చిన్న ఉపాయం చేశారు. ఆ ఫాంట్లలో గరిష్ఠంగా 256 గళ్లు. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో దీర్ఘం, ఇంకో గడిలో ఒత్తు. కంప్యూటర్ దృష్టిలో మీరు రాస్తున్నది ఏవో ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది, అంతే. ఫాంట్ తీసేస్తే వేషం పోతుంది, కింద ఉన్న పిచ్చి గీతలు బయటపడతాయి. పైగా ఏ ముక్క ఏ గడిలో పెట్టాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒక షాపులో కొట్టిన ఫైలు పక్క షాపులో తెరిస్తే చదవలేం.

దీనికి మందు అప్పటికే తయారవుతోంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 చోట్లు కేటాయించారు. దీని పద్ధతి వేరు. ఆకారాన్ని కాదు, అక్షరాన్ని దాస్తుంది. ఉదాహరణకి స్త్రీ అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు కోడ్లు: స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, గుడి దీర్ఘం. మనం పలికే వరసలోనే ఉంటాయి. వాటిని కలిపి అందంగా చూపించడం ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంట్ చూసుకుంటాయి. ఫాంట్ మారిస్తే అందం మారుతుంది, మాట మారదు.

కానీ స్టాండర్డ్ వచ్చిన పదేళ్లకి గానీ మామూలు జనం వాడే విండోస్‌లోకి తెలుగు రాలేదు. 2001 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది. వచ్చింది కానీ నిద్రలో ఉంది! కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, భాషల సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెట్టాలి. అప్పుడు అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. సీడీ పెట్టి, రీస్టార్ట్ చేస్తే తెలుగు సరిగ్గా కనిపించేది. ఇవన్నీ తెలియనివాళ్లకి తెలుగు సైట్ తెరిస్తే వరసగా డబ్బాలు, లేదా ఒత్తులు విడిపోయిన అక్షరాలు. ఈ టిక్ గొడవ 2007లో విండోస్ విస్టాతో పోయింది.

ఆ మధ్యకాలంలో దారి వేసింది ఎక్కువగా సొంత ఆసక్తితో పని చేసినవాళ్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన అనే యూనికోడ్ ఫాంట్ చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. ఆయనే పద్మ అనే పనిముట్టు కూడా చేశారు. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లు వాడేవి. పద్మని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే, ఆ రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. ఈరోజు మీ ఫోన్‌లో మీరు చేసే పని అదే కదా.

ఇక 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్ట్ అయిపోయింది. కొత్త కంప్యూటర్లు 64 బిట్ విండోస్‌తో వస్తున్నాయి. దాంట్లో పాతకాలం 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. పాత 32 బిట్ డ్రైవర్లు ఎక్కవు, కాబట్టి పాత ప్రింటర్ మూలన పడుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కాపీ కాకుండా ప్రింటర్ పోర్టుకి తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఉంటే, కొత్త మెషీన్‌కి ఆ పోర్టే ఉండదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, తర్వాత ఇంకోటి రాలేదు. ఏదైనా డీటీపీ షాపులో మూలన ఒక ముసలి ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా నడుస్తూ కనిపిస్తే నవ్వకండి. ఆ ఊరి పాత ఫైళ్లని చదవగలిగే మెషీన్ బహుశా అదొక్కటే.

యూనికోడ్ వచ్చాక అన్ని కష్టాలూ పోయాయా అంటే, లేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి ఏమైందో గుర్తుందా? మన "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన రూపంలో మెసేజ్‌గా వస్తే యాప్ క్రాష్ అయ్యేది. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకుంది! అదే నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఇక్కడ తేడా గమనించండి. తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రాతలో లేదు. ఒక్క అప్‌డేట్‌తో సరిపోయింది. పాత ఫాంట్ ఫైళ్లకి అలా కుదరదు. అక్కడ ఏ విండోస్ అప్‌డేట్ వచ్చినా పిచ్చి గీతలు వాటంతట అవి తెలుగు అయిపోవు.

ఇప్పుడు అసలు విషయం. ఎక్స్‌పీ నాటి ఫైళ్లు చాలా ఇళ్లలో విండోస్ 10 కంప్యూటర్ల హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయి ఉన్నాయి. తాతగారి వ్యాసాలు కావచ్చు, నాన్నగారి సంఘం తీర్మానాలు కావచ్చు. ఈ కంప్యూటర్లు ఇప్పుడు పాత సామాన్ల కొట్టుకి వెళ్తున్నాయి. వాటితో పాటు ఫైలూ పోతుంది, దాన్ని చదివించే ఫాంటూ పోతుంది.

కాబట్టి అమ్మే ముందు నాలుగు పనులు చేయండి. ఒకటి, పాత తెలుగు ఫైళ్లు వెతికి, వాటితో పాటు ఫాంట్ ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లో దాచండి. రెండు, పాత మెషీన్‌లోనే తెరిచి పీడీఎఫ్ చేయండి. దాంతో చూడటానికి ఒక కాపీ ఉంటుంది. కానీ పీడీఎఫ్ ఒక్కటే చాలదు. దాంట్లో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్లీ పిచ్చి గీతలే వస్తాయి. మూడు, అందుకే యూనికోడ్‌లోకి మార్చండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ఎవరైనా కూర్చుని సరిచూడాలి. భూమి కాగితాలు, బ్యాంకు వివరాలు లాంటివి మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి.

నాలుగు, ముఖ్యమైనవి ప్రింట్ తీసుకోండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌కి ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయాయి. ఆ రోజు మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. వాళ్లు అవే పట్టుకుని విమానం ఎక్కారు. కాగితానికి ఆపరేటింగ్ సిస్టమ్ అక్కర్లేదు.

ఆ తర్వాత పాత డబ్బాలో లినక్స్ వేసి ఇంకో నాలుగేళ్లు వాడతారా, అమ్మేస్తారా, మీ ఇష్టం. ఈ ఆదివారం మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి: మన పాత తెలుగు ఫైళ్లు ఎక్కడున్నాయి? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.