నర్సుల వలస: ఢిల్లీలో ఒప్పందం, ఊళ్లో అప్పు

వలసల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది అమెరికా ఐటీ ఉద్యోగుల గురించో, గల్ఫ్ కూలీల గురించో రాసి ఊరుకుంటాం. ఈ రెండింటికీ మధ్య మూడో వర్గం ఉంది: రోగులకూ వృద్ధులకూ సేవ చేసే నర్సులు, కేర్‌గివర్లు. వీరిలో ఎక్కువమంది మహిళలు. వీరి వలసకు సంబంధించిన చట్టాలు, ఒప్పందాలు చాలావరకు ఢిల్లీలోనే రూపుదిద్దుకున్నాయి. ఆ చరిత్రను వరసగా చదివితే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: శిక్షణకూ ప్రయాణానికీ అయ్యే ఖర్చు ఎవరు భరించాలి?

కొరత నుంచి వలస దాకా

ఈ కథ నిజానికి మన కొరతతో మొదలైంది. బ్రిటిష్ ఇండియాలో 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నారని 1946లో భోర్ కమిటీ లెక్క తేల్చింది. అదే ఏడాది ఢిల్లీలో కాలేజ్ ఆఫ్ నర్సింగ్ మొదలైంది. నేటి రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కళాశాల అదే. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దేశమంతటా శిక్షణ ఒకే ప్రమాణంలో ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఇదంతా మన ఆస్పత్రుల కోసం చేసుకున్న ఏర్పాటు. అయితే ఇంగ్లీషులో చదువు, గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ విదేశాల్లోనూ పనికొచ్చాయి. 1965లో అమెరికా తన వలస చట్టంలో జాతీయతల వారీ కోటాలను తీసేసింది. 1970ల్లో చమురు ఆదాయంతో గల్ఫ్‌లో ఆస్పత్రులు పెరిగాయి. 2000ల నాటికి ఢిల్లీ, బెంగళూరు, కోచి నర్సుల నియామకాలకు ప్రధాన కేంద్రాలయ్యాయి. ఆ రోజుల్లో బ్రిటన్ అమలుచేసిన నియామక నియమావళిలో మనకు సంబంధించిన అంశం ఒకటుంది. భారత ప్రభుత్వ కోరిక మేరకు నాలుగు రాష్ట్రాల నుంచి నర్సులను తీసుకోవద్దన్నారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

చట్టంలోని ఖాళీ

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి విధానం ప్రధానంగా తక్కువ చదువుకున్న కార్మికుల రక్షణకు ఉద్దేశించింది. చదువుకున్నవారు తమను తాము కాపాడుకోగలరన్న నమ్మకంతో నర్సులను క్లియరెన్స్ నుంచి మినహాయించారు. ఆ నమ్మకం ఎంత బలహీనమో 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో బయటపడింది. యుద్ధంలో చిక్కుకున్న 46 మంది భారతీయ నర్సులు జులైలో క్షేమంగా తిరిగొచ్చారు. అప్పు చేసి వెళ్లినవారు ప్రాణాపాయంలో కూడా ఉద్యోగం వదలడానికి వెనకాడారని అప్పటి వార్తలు చెప్పాయి.

2015లో కేంద్రం నిబంధన మార్చింది. గల్ఫ్ సహా 18 ఈసీఆర్ దేశాలకు వెళ్లే నర్సులకు క్లియరెన్స్ తప్పనిసరి చేసి, నియామకాలను ప్రభుత్వ సంస్థలకే అప్పగించింది. మొదట కేరళ సంస్థలకు దక్కిన ఈ బాధ్యత తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్‌కూ, తెలంగాణలో టామ్‌కామ్‌కూ వచ్చింది.

అసలు ఎందుకు వెళ్తున్నారు? సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో ఏర్పాటైన కేంద్ర కమిటీ సిఫార్సులో జవాబు దొరుకుతుంది. 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రి కూడా నర్సుకు నెలకు కనీసం రూ.20,000 ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఒక కమిటీ వేసి మరీ ఈ మాట చెప్పించాల్సి వచ్చిందంటే ఇక్కడి జీతాల సంగతి అర్థమవుతుంది.

భాగస్వామ్య ఒప్పందాలు

ఆ తర్వాత ప్రభుత్వం నియంత్రణతో ఆగలేదు, భాగస్వామిగా మారింది. 2017లో జపాన్‌తో సాంకేతిక శిక్షణ ఒప్పందం, 2021లో నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరాయి. రెండింటిలోనూ వృద్ధుల సంరక్షణకు చోటుంది. 2022 డిసెంబరు 5న ఢిల్లీలో జర్మనీతో సమగ్ర వలస ఒప్పందం జరిగింది. 2023 మేలో ఇజ్రాయెల్‌తో ఒప్పందం కుదిరింది. అందులో అనుకున్న 42,000 మందిలో 8,000 మంది సంరక్షణ పనులకు.

ఇవన్నీ ఒకే రకం కావు. జర్మనీ 'ట్రిపుల్ విన్' పథకంలో భాషా శిక్షణ ఖర్చు నర్సు మీద పడదు. జపాన్ నైపుణ్య వీసా మొదటి దశలో గడువు ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. ఇజ్రాయెల్‌కైతే నిజామాబాద్, జగిత్యాల, గోదావరి జిల్లాల వాళ్లు ఈ ఒప్పందానికి ఎన్నో ఏళ్ల ముందే ఏజెంట్ల ద్వారా వెళ్లారు. ఆ దేశం ఈసీఆర్ జాబితాలో లేదు కాబట్టి 2015 రక్షణ అక్కడికి వర్తించలేదు. ఏజెంటు రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ మించరాదని నిబంధన ఉన్నా, లక్షల్లో వసూళ్లు ఊళ్లలో తెలియనివి కావు.

ముగింపు

ఒప్పందం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. అది ఏజెంటు కన్నా ముందు అభ్యర్థి ఇంటికి చేరుతుందా అన్నది మిగతా సగం. ఖర్చు యజమాని భరిస్తే వలస అవకాశం అవుతుంది. అభ్యర్థి అప్పు చేసి భరిస్తే, తిక్రిత్‌లో చూసినట్టు, తిరిగి వచ్చే స్వేచ్ఛ కూడా తాకట్టులో పడుతుంది. అందుకే చేయాల్సిన పనులు మూడు: యజమానే చెల్లించాలన్న షరతు ప్రతి ఒప్పందంలో ఉండాలి, ఓంకాప్, టామ్‌కామ్ సేవలు జిల్లా స్థాయికి రావాలి, ఇక్కడి నర్సుల జీతాలపై 2016 సిఫార్సులు అమలు కావాలి. ఇక్కడ గౌరవంగా బతకగలిగిన నర్సు విదేశానికి వెళ్తే, అది ఆమె ఎంపిక అవుతుంది.

సాధన ప్రశ్న: "సంరక్షణ కార్మికుల వలస ఒప్పందాల్లో భారత రాజ్యం నియంత్రణ పాత్ర నుంచి భాగస్వామ్య పాత్రకు మారింది." చర్చించండి. (250 పదాలు)