మెమరీ కార్డ్ 16 ఎంబీనే చూపిస్తోందా? దాని వెనక ఉన్న నలభై ఏళ్ల కథ

మొన్న ఆదివారం మాదాపూర్‌లో పీజీ హాస్టల్‌లో ఉండే నా ఫ్రెండ్ ఒకడు రూమ్‌కి వచ్చి, పర్స్‌లోంచి ఒక మైక్రో ఎస్‌డీ కార్డ్ తీసి నా చేతిలో పెట్టాడు. 32 జీబీ కార్డ్. "రేయ్, ఇందులో మా నాయనమ్మ వీడియోలున్నాయిరా, ఎలాగైనా తియ్యి" అన్నాడు. వాళ్ల నాయనమ్మ పోయినేడాది చనిపోయింది. సరే అని ల్యాప్‌టాప్‌కి పెట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చేశాను. మొదట 16 ఎంబీ చిన్న ముక్క ఒకటి, దాని పక్కన పేరు, అక్షరం ఏమీ లేని పెద్ద ముక్క ఒకటి. పైగా విండోస్ ఫార్మాట్ చెయ్యమని అడుగుతోంది.

ఆ బటన్ నొక్కలేదు. మీరు కూడా నొక్కకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1983 మార్చిలో ఐబీఎం కంపెనీ పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్ తెచ్చింది. దాని హార్డ్ డిస్క్ 10 ఎంబీ. అంటే మా వాడి కార్డ్‌లో అలాంటివి మూడు వేలకు పైగా పడతాయి. దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లోనే పార్టిషన్ టేబుల్ పుట్టింది. మన శేరిలింగంపల్లి వైపు భూమిని వెంచర్ వేసేటప్పుడు ముందు లేఅవుట్ కాగితం గీస్తారు కదా, ఏ ప్లాటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో? ఇదీ అంతే. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లలో, కేవలం 64 బైట్ల జాగాలో ఆ లేఅవుట్ రాశారు. అందులో నాలుగే ప్లాట్లకు చోటు. ఇప్పటికీ చాలా మెమరీ కార్డుల మొదట్లో ఉండేది ఆ 64 బైట్ల కాగితమే. దాన్ని ఎంబీఆర్ అంటారు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తా. కాగితం చిరిగినంత మాత్రాన భూమి ఎక్కడికీ పోదు. కార్డ్‌ని సేఫ్‌గా రిమూవ్ చెయ్యకుండా లాగేస్తే ఒక్కోసారి ఈ కాగితం పాడవుతుంది, లోపల ఫొటోలు మాత్రం అలాగే ఉంటాయి. టెస్ట్‌డిస్క్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్డంతా వెతికి పాత హద్దులు కనిపెట్టి మళ్లీ రాస్తుంది. దాని జంట ఫొటోరెక్ అయితే హద్దులతో పనిలేకుండా నేరుగా ఫొటోలనే ఏరుతుంది. ఏరిన వాటిని మాత్రం అదే కార్డ్‌లో సేవ్ చెయ్యకూడదు, ఇంకో డిస్క్‌లో పెట్టుకోవాలి.

1998 నవంబర్‌లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ మరుసటి ఏడాది, 1999లో, శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డ్ ప్రకటించాయి. హైటెక్ సిటీ, ఎస్‌డీ కార్డ్ దాదాపు ఒక ఈడువే అన్నమాట.

కానీ కార్డ్ మీద పడిన ఒక రూలు ఇంకా పాతది. మైక్రోసాఫ్ట్‌లో డేవ్ ప్లమ్మర్ అనే ఇంజనీర్, 1994 చివర్లో ఒక గురువారం ఉదయం విండోస్ ఫార్మాట్ డబ్బాని తానే రాశానని తర్వాత చెప్పుకున్నాడు. అప్పటికేదో తాత్కాలికంగా పనికొస్తుందని రాశాడట, ఫ్యాట్ ఫార్మాట్‌కి 32 జీబీ దాటకూడదన్న హద్దు కూడా ఆ ఉదయమే పెట్టాడట. ఆ తాత్కాలికం ముప్పై ఏళ్లు నడిచింది! నిజానికి ఫ్యాట్ 32 రెండు టీబీ దాకా పనిచేస్తుంది. మీ 64 జీబీ కార్డ్‌కి విండోస్‌లో ఫ్యాట్ 32 ఆప్షన్ కనపడకపోవడానికి, నాన్నగారి పాత కారు స్టీరియో ఆ కార్డ్‌ని చదవకపోవడానికి మూలం ఎక్కడుందో చూశారా? 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులకి ఎక్స్‌ఫ్యాట్ అని వేరే ఫార్మాట్ పెట్టారు. అది మైక్రోసాఫ్ట్ సొంత ఆస్తి, వాడుకోవాలంటే లైసెన్స్ కావాలి. 2019 ఆగస్టులో దాని వివరాలు అందరికీ తెరిచారు, అదే ఏడాది లైనక్స్‌లోకి వచ్చేసింది. అప్పటికి ఆ కంపెనీ సీఈఓ మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల.

ఇప్పుడు అసలు గొడవ. 2010, 2011 నాటి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు గుర్తున్నాయా? మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండుంటారు. ఫోన్ మెమరీ చాలా తక్కువ, నాలుగు యాప్‌లు వేస్తే ఫుల్. అప్పుడు లింక్2ఎస్‌డీ అనే యాప్ వచ్చింది. కార్డ్‌ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కలో యాప్‌లు దాచేది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటూ హాస్టల్లో ఉండే కుర్రాళ్లు రాత్రిపూట కూర్చుని ఇదే పని. మొదటి ముక్క ఫ్యాట్ 32, రెండోది ఎక్స్‌ట్. వరస తిరగబడిందో, అయిపోయింది! ఎందుకంటే అప్పటి విండోస్, పెన్‌డ్రైవ్‌లో గానీ కార్డ్‌లో గానీ మొదటి పార్టిషన్ ఒక్కదాన్నే చూపించేది. ఎక్స్‌ట్ అంటే దానికి తెలియదు, ఫార్మాట్ చెయ్యమనేది. 2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ వచ్చాకే అన్ని ముక్కలూ కనపడటం మొదలైంది.

అలా ముక్కలైన కార్డ్‌ని మళ్లీ ఒకటి చెయ్యాలంటే, లోపల అవసరమైంది ఏమీ లేదని ఖాయం చేసుకున్నాక, డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్ కొట్టి, సైజ్ చూసి కార్డ్ నంబర్ సెలెక్ట్ చేసి, క్లీన్ కొట్టాలి. తర్వాత కొత్త పార్టిషన్. నేను ఫస్ట్ ఇయర్‌లో నంబర్ చూసుకోకుండా సున్నా సెలెక్ట్ చేశాను. సున్నా అంటే ల్యాప్‌టాప్ సొంత డిస్క్. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగాను, దేవుడి దయ. ఇదంతా వద్దనుకుంటే, ఎస్‌డీ అసోసియేషన్ వాళ్లదే ఫార్మాటర్ ఉంది, ఫ్రీ.

ఇక మా వాడి కార్డ్. 2015లో ఆండ్రాయిడ్ 6 మార్ష్‌మల్లో వచ్చినప్పుడు గూగుల్ ఆ రెండు ముక్కల పద్ధతినే అధికారికం చేసింది. కార్డ్ పెట్టగానే ఫోన్ అడుగుతుంది, పోర్టబుల్‌గా వాడాలా, ఇంటర్నల్‌గా వాడాలా అని. ఇంటర్నల్ అంటే కార్డ్‌లో 16 ఎంబీ ముక్క ఒకటి చేసి, మిగతాదంతా తాళం వేసేస్తుంది. ఆ తాళంచెవి కార్డ్‌లో ఉండదు, ఫోన్‌లోనే ఉంటుంది. ఎవరో దొంగిలించినా చదవలేరని అలా చేశారు, ఆలోచన మంచిదే. కానీ ఆ ఒక్క బటన్ నొక్కేటప్పుడు ఎంతమందికి ఇది అర్థమయ్యేలా చెప్పారు?

నేను వాణ్ణి అడిగాను, "ఫోన్ ఎక్కడరా?" అని. హ్యాంగ్ అవుతోందని రిపేర్ షాపులో ఇచ్చాడట. వాళ్లు ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇచ్చారట. కార్డ్ తీసి పక్కన పెట్టే ఇచ్చాను కదా, అందులోవి ఎక్కడికి పోతాయి అనుకున్నాడు.

రీసెట్‌తో తాళంచెవి పోయింది. టెస్ట్‌డిస్క్ హద్దులు చూపించింది, ఫొటోరెక్ గంటల తరబడి తిరిగి ఒక్క ఫొటో కూడా తేలేదు. భూమి ఉంది, లేఅవుట్ ఉంది, లోపలికి దారి లేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్ల మేనత్తకి ఫోన్ చేసి, "అత్తా, సంక్రాంతికి నాయనమ్మ అరిసెలు వత్తేటప్పుడు తీసిన వీడియో నీకు వాట్సాప్‌లో పంపానా?" అని అడిగాడు. ఆవిడ వెతికి పంపింది. నలభై సెకన్లు, మసక మసగ్గా ఉంది. దాన్ని వాడు మూడు చోట్ల సేవ్ చేసుకున్నాడు.

కార్డ్ మాత్రం ఫార్మాట్ చెయ్యనన్నాడు. అలాగే పర్స్‌లో పెట్టుకుని వెళ్లాడు.