కడ్డీలో దాగిన పెట్రోలు

ఇంధనం లేకుండా తిరిగే మోటారు, నీటితో నడిచే కారు అంటూ పెట్టుబడి అడిగేవారు రిటైరైనవారి గడప తొక్కడం కొత్త కాదు. గ్రాట్యుటీ, పి.ఎఫ్. సొమ్ము ఎప్పుడు చేతికొస్తుందో వారికి బాగా తెలుసు. అలా వచ్చిన మనిషి మోసగాడా, లేక తనను తానే మోసగించుకున్నవాడా? చరిత్రలో ఇద్దరూ కనిపిస్తారు.

అమెరికాలో చార్లెస్ రెడ్‌హెఫర్ 1813లో న్యూయార్కులో, తనంతట తానే తిరిగే యంత్రమంటూ ఒకదాన్ని టిక్కెట్టు పెట్టి చూపించాడు. స్టీమరు నడిపి పేరుపొందిన రాబర్ట్ ఫుల్టన్ దాని చప్పుడు విని, ఇది చేత్తో తిప్పుతున్నదేనని పసిగట్టాడు. గోడవైపు చెక్కలు పీకితే పట్టీ బయటపడింది. దాని వెంట పై గదికి వెళ్తే, ఒక ముసలాయన రొట్టె తింటూ మర తిప్పుతున్నాడట!

మన పొరుగున తమిళనాడులో 1996లో రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేస్తానన్నాడు. ఢిల్లీ పెద్దలు సైతం ఆసక్తి చూపారు. తర్వాతి పరీక్షల్లో కలియబెట్టే కడ్డీ గుట్టు రట్టయింది. బోలు కడ్డీలో ఇంధనం నింపి మైనంతో మూస్తే, వేడినీటిలో మైనం కరిగి అది బయటికొస్తుంది. కడ్డీ మారిస్తే పెట్రోలు రాలేదు. 2016లో చెన్నై కోర్టు ఆయనకు 3 సంవత్సరాల శిక్ష విధించింది.

1989 మార్చి 23న యూటా విశ్వవిద్యాలయంలో పాన్స్, ఫ్లీష్‌మన్ చేసిన ప్రకటన వేరు. గాజుపాత్రలో, గది ఉష్ణోగ్రత దగ్గరే కేంద్రక సంలీనం జరిగిందన్నారు. ఇద్దరూ పేరున్న రసాయన శాస్త్రజ్ఞులే. ఎక్కడా రహస్య పట్టీ లేదు. కానీ చాలా ప్రయోగశాలల్లో ఆ ఫలితం రాలేదు. కొలతల్లోని పొరపాట్లను వారి ఆశ కప్పేసింది.

నేనుండే జూబ్లీహిల్స్ పక్కనే ఫిల్మ్‌నగర్. ‘మాయాబజార్’ (1957)లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే, అది కెమెరా పనితనమని తెలిసే చప్పట్లు కొట్టాం. సినిమాలో మాయకు మనం ఒప్పుకుంటాం. మోసంలో ఒప్పుకోలు ఉండదు. మోసగాడు కడ్డీని మరొకరి చేతికివ్వడు. భ్రమలో ఉన్నవాడు ఇస్తాడు. కాకపోతే, ఫలితం రానప్పుడు వాతావరణాన్నో, లోహాన్నో, పరీక్షించినవారినో తప్పుపడతాడు. ఏళ్లు గడిచి అప్పులు పెరిగితే అతడూ తలుపులు మూయడం మొదలుపెట్టవచ్చు. అక్కడ గీత చెరిగిపోతుంది.

చట్టానికి ఈ తేడా ముఖ్యం. దురుద్దేశం రుజువు కాకపోతే చీటింగ్ కేసు నిలవదు. మన సొమ్ముకు మాత్రం ఇద్దరూ ఒకటే. పైగా నిజాయితీగా భ్రమపడినవాడే ఎక్కువ ప్రమాదం: అతడి కళ్లలో అబద్ధం కనిపించదు కదా!

కాబట్టి మనిషి ముఖం చూసి తీర్పు చెప్పవద్దు. “యంత్రం వదిలి వెళ్లండి. కరెంటు, బ్యాటరీ తీసేసి, మీరు లేనప్పుడు ఇంజనీరింగు కాలేజీవారు కొలుస్తారు” అనండి. ఆ కొలత చేతికొచ్చేదాకా చెక్కుబుక్కు బీరువాలోనే ఉండనివ్వండి.