నాలుగు వేలకు ఒకరు: ఒక అంకె పుట్టుపూర్వోత్తరాలు

పుట్టుకతో వచ్చే పీయూష గ్రంథి లోపం ఎంతమంది పిల్లల్లో ఉంటుందని అడిగితే పిల్లల వైద్య గ్రంథాలు చాలావరకు ఒకే జవాబు చెబుతాయి: నాలుగు వేల నుంచి పది వేల జననాలకు ఒకరు. ఆ జవాబు వెంట ఒక చిన్న కథ కూడా నడుస్తుంది. పూర్వం ఈ జబ్బు మహా అరుదనుకున్నారట, రక్త పరీక్షలు పదునెక్కి ఎం.ఆర్.ఐ. చేతికొచ్చాక అసలు సంఖ్య తేలిందట. ఈ కథ పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎవరిని లెక్కపెట్టి తేల్చారో వెతుక్కుంటూ పోతే, లెక్క పెరగడానికి ప్రయోగశాల కన్నా బడిగోడకు ఆనించిన కొలబద్దే ఎక్కువ కారణమని తెలుస్తుంది. ఆ లెక్కలోకి ఎన్నడూ రాని పిల్లలు ఎవరో కూడా తెలుస్తుంది.

మెదడు అడుగున శనగగింజంత ఉండే ఈ గ్రంథి ముక్కులోంచి కారే శ్లేష్మాన్ని తయారుచేస్తుందని గ్రీకు వైద్యుడు గాలెన్ కాలం నుంచి శతాబ్దాలపాటు నమ్మారు. 1886లో ఫ్రెంచ్ వైద్యుడు పియరీ మరీ, చేతులు, కాళ్లు, ముఖం అతిగా పెరిగే ఆక్రోమెగలీని వర్ణించడం, 1912లో హార్వీ కుషింగ్ ఈ గ్రంథి రుగ్మతలపై పుస్తకం రాయడం అందరికీ తెలిసిన మైలురాళ్లే. ఎత్తు పెంచే గ్రోత్ హార్మోన్, థైరాయిడ్‌ను నడిపే టి.ఎస్.హెచ్., అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ చేయించే ఎ.సి.టి.హెచ్. ఇక్కడి నుంచే వెలువడతాయని ఇరవయ్యో శతాబ్దం మధ్యకు స్పష్టమైంది. 1958లో అమెరికా వైద్యుడు మారిస్ రేబెన్ మృతదేహాల పీయూష గ్రంథుల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్‌తో పదిహేడేళ్ల కుర్రవాడి ఎత్తు పెరిగిందని ప్రకటించాడు. లెక్కల కథ అక్కడి నుంచి మొదలవుతుంది.

మందు మనిషి శవం నుంచి రావలసిందే. అందుకే అది ఎప్పుడూ చాలేది కాదు. అమెరికాలో 1963లో నేషనల్ పిట్యూటరీ ఏజెన్సీని పెట్టి గ్రంథులు సేకరించి, కఠినమైన షరతుల మీద పంచారు. వైద్యం అందేది అతి తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకే. జబ్బు ఉందని పేరుపడేదీ వాళ్లకే. 1974లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ ప్రాంతం నుంచి వచ్చిన అంచనా ముప్ఫై వేలకు ఒకరు. ఆసుపత్రి గడప దాకా వచ్చి నిర్ధారణ పొందిన పిల్లల లెక్క అది. దాన్ని జబ్బు లెక్క అనడం కన్నా ఆసుపత్రి రిజిస్టరు లెక్క అనడమే న్యాయం.

మూడేళ్లు తిరక్కుండా ఆ అంకె తలకిందులైంది. 1977లో గ్రాహం వింపాని బృందం స్కాట్లండ్ అధ్యయనాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. అబర్డీన్, ఎడిన్‌బరో, గ్లాస్గో నగరాల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వయసున్న 48,000 మందికి పైగా పిల్లల ఎత్తు చూశారు. వయసుకు మరీ పొట్టిగా ఉన్నవాళ్లను వేరుచేసి, వాళ్లకే హార్మోన్ పరీక్షలు చేశారు. తీవ్రమైన గ్రోత్ హార్మోన్ లోపం సుమారు నాలుగు వేలకు ఒకరిలో ఉందని తేలింది. ముప్ఫై వేలకు ఒకరన్నది మూడేళ్లలో ఏడు రెట్లు పెరిగింది. ఆ మూడేళ్లలో కొత్త పరీక్ష ఏదీ పుట్టలేదు. రక్తంలో గ్రోత్ హార్మోన్‌ను కొలిచే రేడియో ఇమ్యునో పద్ధతి, రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌ల ఆవిష్కరణ చలవతో, 1960ల ఆరంభం నుంచే ఉంది. న్యూకాజిల్ వైద్యులకూ అది అందుబాటులో ఉన్నదే. మారింది ఒక్కటే: పిల్లలు వైద్యుడి దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా పిల్లలున్న చోటికి లెక్క వెళ్లింది.

ప్రయోగశాలను తీసిపారేయడం సరికాదు. పొట్టిగా ఉన్న వందలమందిలో ఎవరిది వంశపు పొట్టితనమో, ఎవరిది హార్మోన్ లోపమో కొలబద్ద చెప్పలేదు, అది రక్తమే చెప్పాలి. పైగా 48,000 మందిలో నాలుగు వేలకు ఒకరంటే పన్నెండు మంది. ఇద్దరు అటో ఇటో అయితే అంకె చాలా మారిపోతుంది. ఒక్క స్కాట్లండే సాక్ష్యమైతే ఇంత నమ్మకంగా చెప్పడం కష్టం. 1994లో అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వచ్చిన అధ్యయనం దానికి బలమిచ్చింది. అక్కడ 1,14,881 మంది బడిపిల్లల ఎత్తు కొలిచి, వాళ్లలో చాలామందిని ఏడాది తర్వాత మళ్లీ కొలిచారు. పొట్టిగా ఉండి, ఏడాదికి 5 సెంటీమీటర్లు కూడా పెరగని 555 మందిని క్షుణ్ణంగా పరీక్షించారు. మొత్తం మీద గ్రోత్ హార్మోన్ లోపం ఉన్నవాళ్లు 33 మంది తేలారు. అంటే 3,480 మందికి ఒకరు. వాళ్లలో దాదాపు సగంమందికి అప్పటిదాకా జబ్బు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆధునిక ఆసుపత్రులున్న సంపన్న దేశంలో పరిస్థితి అది.

ఇక్కడే పాఠ్యపుస్తకాలు ఒక పొరపాటు చేశాయి. స్కాట్లండ్, యూటా లెక్కలు బడికి వచ్చే పిల్లల్లో గ్రోత్ హార్మోన్ లోపానివి. వాటిలో పుట్టుకతో వచ్చినవి ఉంటాయి, ఆ తర్వాత కణితి వల్లో రేడియేషన్ వల్లో వచ్చినవీ ఉండవచ్చు. అదే అంకెను తీసుకెళ్లి ‘జననాలకు ఇంత’ అని రాసేశారు. పుట్టుకతో పీయూష గ్రంథి దెబ్బతిన్న శిశువుకు మొదటి ప్రమాదం పొట్టితనం కాదు. కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ రెండూ లేని బిడ్డకు పుట్టిన తొలి రోజుల్లోనే రక్తంలో చక్కెర పడిపోతుంది. కామెర్లు వారాల తరబడి తగ్గవు. మగబిడ్డయితే అంగం మరీ చిన్నదిగా ఉండవచ్చు. ఆ దశలో గుర్తించకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. అలా పోయిన బిడ్డ ఆరేళ్లకు బడిగోడ దగ్గర నిలబడడు. బడి లెక్క ఎంత శ్రద్ధగా చేసినా బతికినవాళ్ల లెక్కే.

1985 ఈ చరిత్రను మరోవైపు తిప్పింది. శవాల నుంచి తీసిన హార్మోన్ వాడిన కొందరు యువకులు క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే ప్రాణాంతక మెదడు వ్యాధితో చనిపోవడంతో ఆ మందును ఆపేశారు. అదే సంవత్సరం జన్యు సాంకేతికతతో తయారైన గ్రోత్ హార్మోన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక కొరత లేదు. ఆ వెంటే నిర్వచనమూ సడలింది. మందిచ్చి గ్రంథిని పురికొల్పి చేసే ప్రేరేపణ పరీక్షలో హార్మోన్ ఎంత స్థాయికి చేరకపోతే లోపమనాలన్న గీత అంతకుముందు మిల్లీలీటరుకు 5, 7 నానోగ్రాముల దగ్గర ఉండేది, అది 10కి చేరింది. గీత పైకి జరిగిన కొద్దీ లోపం ఉన్నవాళ్లు పెరిగారు. చిన్నతనంలో ‘కారణం తెలియని గ్రోత్ హార్మోన్ లోపం’ అని ముద్రపడిన వాళ్లలో చాలామంది, ఎదిగాక మళ్లీ పరీక్షిస్తే మామూలుగానే ఉన్నారు. మందు కరువైనప్పుడు లెక్క కుంచించుకుపోయింది, మందు పుష్కలమయ్యాక ఉబ్బింది. పరీక్షలు మెరుగై అసలు సంఖ్య బయటపడిందన్న కథకు ఇక్కడ గట్టి ఎదురుదెబ్బ తగులుతుంది.

మరి పుట్టుకతో వచ్చినదెంత? చాలాకాలం ఆ ప్రశ్నకే అడ్డుపడిన నమ్మకం ఒకటుంది. ఈ పిల్లల్లో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎక్కువని 1970ల్లోనే గమనించి, కాన్పు సమయంలో గ్రంథి కాడ తెగిపోయి ఉంటుందని అనుకున్నారు. అంటే లోపం పుట్టుకది కాదు, కాన్పుది. 1980ల చివరి నుంచి ఎం.ఆర్.ఐ. చిత్రాలు, 1992లో పిట్-1, 1998లో ప్రాప్-1, హెస్‌ఎక్స్-1 జన్యువుల్లో దొరికిన మార్పులు ఈ ఆలోచనను మార్చాయి. గర్భంలోనే సరిగా రూపుదిద్దుకోని బిడ్డ ఎదురుకాళ్లతో రావడానికి అవకాశం ఎక్కువన్నదే ఇప్పటి అవగాహన. అయితే జన్యువుల్లో కారణం దొరికేది నేటికీ కొద్దిమందిలోనే. కష్టమైన కాన్పును పూర్తిగా నిర్దోషిగా తేల్చేయడం తొందరపాటు.

జననాలతో మొదలుపెట్టి లెక్కకట్టిన అరుదైన దేశం నెదర్లాండ్స్. శిశువు మడమ గుచ్చి, వడపోత కాగితం మీద పట్టిన రక్తపు చుక్కలో థైరాయిడ్ పరీక్ష చాలా దేశాలు చేస్తాయి. కానీ కొలిచేది టి.ఎస్.హెచ్.ను. థైరాయిడ్ చెడితే పీయూష గ్రంథి దాన్ని నడపడానికి టి.ఎస్.హెచ్.ను విపరీతంగా పెంచుతుంది, పరీక్షలో పట్టుబడుతుంది. పీయూష గ్రంథే చెడితే టి.ఎస్.హెచ్. పెరగదు. పరీక్ష ఆ బిడ్డను ‘బాగుంది’ అని ఇంటికి పంపేస్తుంది. డచ్చివారు మొదటినుంచీ థైరాయిడ్ హార్మోన్ అయిన టి4ను కొలిచారు, అది తక్కువున్న వాళ్లలో టి.ఎస్.హెచ్. చూశారు. 1990ల మధ్యలో రెండేళ్లపాటు పుట్టిన దాదాపు 3,85,000 మంది శిశువులను అనుసరించిన అధ్యయనంలో, పీయూష గ్రంథి వైపు నుంచి వచ్చే శాశ్వత థైరాయిడ్ లోపం సుమారు 20,000కు ఒకరిలో కనిపించింది. వాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా పిల్లలకు ఇతర పీయూష హార్మోన్లు కూడా లేవు. జపాన్‌లోని కనగావాలో ఇలాంటి ప్రయత్నమే దాదాపు 31,000కు ఒకరిని చూపింది. ఈ లెక్కలు బడి లెక్క కన్నా తక్కువమందినే చూపుతాయి. థైరాయిడ్ దెబ్బతినని, గ్రోత్ హార్మోన్ ఒక్కటే లోపించిన బిడ్డ ఈ వలలో పడదు. కానీ పడినవాళ్లు మాత్రం బతికించదగ్గ వయసులో పడ్డారు. ఇంతవరకు జరిగిన లెక్కల్లో డచ్ లెక్కనే ఉత్తమమైనదిగా ఎంచాలి.

ఒక దేశపు సగటును ఇంకో దేశానికి అతికించడమూ ప్రమాదమే. 1996లో ఒక భారతీయ ముస్లిం కుటుంబంలో, గ్రోత్ హార్మోన్ విడుదలకు ఆజ్ఞనిచ్చే సంకేతాన్ని అందుకునే గ్రాహక జన్యువులో ఒక మార్పు దొరికింది. రెండేళ్లకు అదే మార్పు పాకిస్తాన్‌లోని సింధ్ పల్లెల పొట్టివాళ్లలో, శ్రీలంకలోని ఒక తమిళ కుటుంబంలో కనిపించింది. పశ్చిమ భారతంలోనూ ఇది పలుమార్లు బయటపడింది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు కాపీలూ వస్తేనే ఈ జబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు వివాహాలు దగ్గరి బంధువుల మధ్య జరుగుతాయి. మేనరికాలు ఇంత మామూలైన చోట స్కాట్లండ్ అంకెను ఎత్తి రాసుకోవడం శాస్త్రం కాదు.

ఇక్కడి పరిస్థితి నిరాశ కలిగిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా ఐదు కేంద్రాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించి, పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,130 మందికి ఒకరిలో ఉందని చూపింది. గొప్ప పని. కానీ అదీ టి.ఎస్.హెచ్. మీద నిలిచిన పరీక్షే. డచ్ నిష్పత్తినే తాత్కాలికంగా తీసుకుంటే, ఏటా సుమారు 2.3 కోట్ల జననాల్లో వెయ్యికి పైగా శిశువులు ఆ పరీక్షను ‘బాగుంది’ అన్న మాటతో దాటిపోతారు. పెద్దయ్యాక దొరుకుతారా అంటే అదీ కష్టమే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తులేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరు గిడసబారిన చోట, పౌష్టికాహార లోపమనే ఒక్క మాట కింద హార్మోన్ లేని బిడ్డ కూడా దాగిపోతుంది.

వైద్యానికి దారి అసలే లేదనలేం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో నిర్ధారిత గ్రోత్ హార్మోన్ లోపానికి చోటుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, సి.డి.ఎఫ్.డి. పరిశోధన సంస్థ కలిసి ఆ విధానం కింద ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, థైరాయిడ్ లోటు తీర్చే థైరాక్సిన్ మాత్రలు పాతవి, చవకవి. అయితే ఈ పిల్లలను పుట్టగానే పట్టుకునే టి4 పరీక్షతో చిక్కులూ ఉన్నాయి. నెలలు నిండని శిశువుల్లో, హార్మోన్‌ను మోసే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్లలో అది అనవసరంగా గంట కొడుతుంది, తల్లిదండ్రులను భయపెడుతుంది. డచ్చివారు ఆ ప్రొటీన్‌ను కూడా కొలిచి ఆ బెడదను తగ్గించుకున్నారు.

అంగన్‌వాడీల్లో ఎత్తు కొలుస్తూనే ఉన్నారు. ఒక్క కొలత చూసి వదిలేయకుండా, ఏడాది తేడాతో తీసిన రెండు కొలతలను పక్కపక్కన పెట్టి, పెరుగుదల ఆగిన బిడ్డను పెద్దాసుపత్రికి పంపే పద్ధతి రావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఏదైనా ఒక్క కేంద్రమైనా, ఇప్పటికే గుచ్చుతున్న మడమ రక్తంలో టి4ను కూడా కొన్నేళ్లపాటు కొలవాలి. అంతవరకు, పుట్టిన వారంలోనే చక్కెర పడిపోయి, కామెర్లు తగ్గని బిడ్డ ఇంట్లో ఉంటే, టి.ఎస్.హెచ్. బాగుందన్న మాటతో ఆగకుండా ఫ్రీ టి4, కార్టిసాల్ పరీక్షలు చేయించమని వైద్యుణ్ణి అడగండి. రెండూ లోపించాయని తేలితే కార్టిసాల్ మందు ముందు, థైరాయిడ్ మందు తర్వాత మొదలవ్వాలి.