సోయా పూత, హార్మోన్ పిచికారీ

పప్పుజాతి పైరు పూసినంతా కాయదు. కంది, పెసర, సోయా పూతలో చాలా భాగం పిందె పడకముందే రాలిపోతుంది. ఆకుల మీద హార్మోన్ చల్లి ఈ రాలుడును ఆపాలన్న ప్రయత్నం 80 ఏళ్లకు పైబడినది.

1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే శాస్త్రవేత్తలు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం (ఎన్‌ఏఏ) మొక్కల సహజ హార్మోన్ ఆక్సిన్‌లాగే పనిచేస్తుందని చూపారు. పువ్వు తొడిమ మొదట్లో సన్నని కణాల పొర ఒకటి ఉంటుంది. అది వదులైతే పువ్వు ఊడుతుంది, ఆక్సిన్ అందుతున్నంత కాలం బిగిసి ఉంటుంది. ఎన్‌ఏఏను కాయ రాలకుండా మొదట ఆపిల్ తోటల్లో వాడారు.

సోయా కథ అంత సాఫీగా సాగలేదు. సోయా త్వరగా పూసే మార్గం వెతుకుతూ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి ఆర్థర్ గాల్‌స్టన్ ట్రైఅయోడోబెంజోయిక్ ఆమ్లాన్ని పరీక్షించాడు. 1943 నాటి ఆ పరిశోధనలో తక్కువ మోతాదుకు పూత పెరిగింది, మోతాదు మించితే ఆకులు రాలాయి. ఈ రెండో ఫలితం సైనిక పరిశోధకుల కంటపడింది. తర్వాత వియత్నాం అడవుల మీద అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లోని రసాయనాలు వేరు, అవి ఎన్‌ఏఏలాగే ఆక్సిన్ తరహావి. ఆ చల్లడాన్ని ఆపించడానికి గాల్‌స్టన్ గట్టిగా పోరాడాడు. 1970లో ఏజెంట్ ఆరెంజ్ వాడకం నిలిచింది. పంట కోసం మొదలైన పనికి ఇంతకన్నా బాధాకరమైన మలుపు ఉండదు.

ఇక మన దగ్గరికి వస్తే, పసుపు, మక్క, వరి పండే నిజామాబాద్ జిల్లాలో వానాకాలపు సోయా తర్వాత వచ్చి చేరింది. బోధన్ వైపు నల్లరేగళ్లలో బాగా నిలదొక్కుకుంది.

ఇప్పుడు ఎన్‌ఏఏ 4.5 శాతం ద్రావణంగా దొరుకుతుంది. నీటిలో పది లక్షల వంతుల్లో 10 వంతులు ఉండాలంటే 16 లీటర్ల ట్యాంకుకు మూడున్నర మిల్లీలీటర్లు చాలు. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోస్తే ఇది సులువుగా రెట్టింపవుతుంది. ఎక్కువ మోతాదు ఎన్‌ఏఏ కాయను నిలపకపోగా రాల్చనూ వచ్చు, ఆపిల్ తోటల్లో పిందెలు పలచన చేయడానికి దాన్నే వాడతారు. వరిలో కలుపుకు కొట్టే 2,4-డి కూడా ఆక్సిన్ తరహా మందే. పంపు సరిగా కడగకుండా సోయాకు వాడితే లేతాకులు ముడుచుకుపోతాయి.

పూత దశలో చేను బెట్టకు వస్తే ఏ హార్మోనూ ఆ లోటు తీర్చలేదు. తేమ, పోషకాలు ఉన్న చేనులోనే పిచికారీ ఫలితం కాయల్లో కనిపిస్తుంది. ఎన్‌ఏఏ వంటి పెరుగుదల నియంత్రకాలు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం పరిధిలో ఉన్నాయి. బయోస్టిమ్యులెంట్ల పేరుతో అమ్మే సరుకును 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు.